పెద్ద హాలుకు ఐదు చిన్న పెట్టెలా, రెండు పెద్ద పెట్టెలా?

ప్రశ్న: మేము చెన్నై తిరువాన్మియూరులో, సముద్రానికి దగ్గరగా ఉన్న అపార్ట్‌మెంటులో రెండో అంతస్తులో ఉంటున్నాము. మా హాలు 26 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉంటుంది. నేల విట్రిఫైడ్ టైల్స్, రెండు పెద్ద గాజు కిటికీలు, వాటికి పలుచటి కర్టెన్లు. టీవీ ఇరుకు వైపు గోడకు ఉంది, సోఫా దానికి 16 అడుగుల దూరంలో ఉంది. మా మామగారికి 78 ఏళ్లు. పాత సినిమా పాటలు, కర్ణాటక సంగీతం ఇష్టంగా వింటారు. టీవీలో మాటలు అర్థం కావడం లేదని శబ్దం పెంచుతారు, మిగతా వాళ్లం హాల్లో కూర్చోలేకపోతున్నాము. మా అబ్బాయి 5.1 హోం థియేటర్ (చుట్టూ ఐదు స్పీకర్లు, దడ కోసం ఒక సబ్‌వూఫర్) కావాలంటున్నాడు. దుకాణంలో 1000 వాట్ల సెట్టు ఒకటి చూపించారు. బెంగళూరులో ఉండే మా తమ్ముడు టీవీ కింద పట్టీలా పెట్టే సౌండ్‌బార్ చాలు పొమ్మంటున్నాడు. 50,000 రూపాయల వరకు పెట్టగలము. ఏది కొనమంటారు? - ఒక పాఠకురాలు, చెన్నై.

సమాధానం: మీ హాలుకు, మీ డబ్బుకు ఆ రెండూ సరిపడవని నా అభిప్రాయం. ఆరున్నర అంగుళాల వూఫర్ (బరువైన ధ్వనులు పలికే పెద్ద కోను) ఉన్న మంచి స్టీరియో స్పీకర్ల జత ఒకటి, దానికి తగిన ఆంప్లిఫయర్ ఒకటి తీసుకుని, మొత్తంలో ఐదో వంతు కర్టెన్లకూ తివాచీకీ కేటాయించమని నా సలహా. స్పీకర్ల గురించి అడిగితే బట్టల దుకాణానికి దారి చూపిస్తున్నానని మీకు అనిపించవచ్చు. అయితే మీ ఉత్తరంలో అన్నిటికంటే నన్ను ఆపిన వివరాలు టైల్స్, గాజు కిటికీలు, పలుచటి కర్టెన్లు అన్నవే. అందుకే ముందు గది సంగతి చెప్పి, తరువాత పెట్టెల దగ్గరికి వస్తాను.

మీ హాలు ఘనపరిమాణం 4,160 ఘనపుటడుగులు, అంటే దాదాపు 118 ఘనపు మీటర్లు. 12 అడుగులకు 10 అడుగుల పడకగదితో పోలిస్తే ఇది సుమారు మూడున్నర రెట్లు. అంత గాలిని కదిలించాలి కాబట్టి పెద్ద స్పీకర్లు కావాలన్నది నిజమే, కానీ అది సగం సంగతి మాత్రమే. హాలు మధ్యలో నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. చప్పుడు ఆగిన తరువాత కూడా గోడల మధ్య చిటచిటమంటూ ఒక మోత కొద్దిసేపు తిరుగుతూ వినిపిస్తుంది. టీవీలో వచ్చే ప్రతి మాట వెనుకా ఆ మోతే ఉంటుంది, మొదటి అక్షరం తోక రెండో అక్షరం మీద పడుతుంది.

ఈ మోతను కొలిచే పద్ధతిని ఏర్పరచినవారు హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన వాలెస్ సబీన్. ఫాగ్ మ్యూజియంలోని ఉపన్యాస మందిరంలో వక్త మాటలు ఎవరికీ అర్థం కావడం లేదని 1895లో ఆ సమస్యను ఆయనకు అప్పగించారు. ఆయన పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీ మెత్తలు రాత్రిపూట మోయించుకు వచ్చి, ఎన్ని మెత్తలు పరిస్తే మోత ఎంత తగ్గుతుందో స్టాప్‌వాచ్ పట్టుకుని కొలిచారు. మెత్తలు లేనప్పుడు ఆ మందిరంలో మోత 5 సెకన్లకు పైగా నిలిచేది. గది ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో తీసుకుని 0.161తో హెచ్చించి, గదిలో శబ్దాన్ని పీల్చుకునే మొత్తం వైశాల్యంతో భాగిస్తే మోత ఎన్ని సెకన్లు నిలుస్తుందో తెలుస్తుందన్న సూత్రం ఆయన పరిశోధనల నుంచే వచ్చింది.

ఆ సూత్రం ప్రకారం మీ హాలును ఉజ్జాయింపుగా లెక్కగట్టాను. గోడలు, నేల, పైకప్పు అన్నీ గట్టివే కనుక అవి పీల్చుకునేది చాలా తక్కువ. సోఫానూ మనుషులనూ కలుపుకున్నా 12 చదరపు మీటర్లకు సమానమైన పీల్పు మాత్రమే ఉంటుంది, మోత ఒకటిన్నర సెకన్లకు పైగా నిలుస్తుంది. రెండు కిటికీలకూ కలిపి 15 చదరపు మీటర్ల మేర మందపాటి కర్టెన్లు నిండు మడతలతో వేసి, సోఫా ముందు 8 అడుగులకు 10 అడుగుల తివాచీ పరిస్తే మాటలకు ముఖ్యమైన శ్రుతి స్థాయుల్లో ఆ పీల్పు 22 వరకు పెరిగి, మోత 0.9 సెకన్ల లోపుకు దిగుతుంది. కర్టెన్ బిగుతుగా సాగదీసి ఉంటే ఇంత ఫలితం రాదు. కిటికీ వెడల్పుకు రెట్టింపు గుడ్డ తీసుకుని మడతలు పడనివ్వాలి, గుడ్డ బరువుగా ఉండాలి. కాగితంలాంటి పాలిస్టర్ తెరలు ఎన్ని వేసినా ఎండ ఆగుతుందేమో గాని శబ్దం ఆగదు. పుస్తకాల బీరువా ఏదైనా లోపలి గదిలో ఉంటే దాన్ని హాలులోకి తెచ్చి సోఫా వెనుక గోడకు పెట్టడం కూడా మంచిదే, పైగా దానికి ఖర్చు లేదు.

మీ మామగారి ఇబ్బందికి మూలం కూడా చాలావరకు ఇక్కడే ఉంది. వయసు పెరిగేకొద్దీ చెవి ముందుగా కోల్పోయేది పై స్థాయి ధ్వనులను, అంటే సన్నటి, కీచు ధ్వనులను. స, శ, త, క, ప వంటి హల్లులను ఒకదాని నుంచి ఒకటి వేరుచేసి చెప్పే శక్తి చాలావరకు 2,000 హెర్ట్జ్‌కు (సెకనుకు 2,000 కంపనాలకు) పైనే ఉంటుంది, అచ్చుల బలం అంతకు దిగువన ఉంటుంది. అందువల్ల ఎవరో మాట్లాడుతున్నట్టు ఆయనకు స్పష్టంగానే వినిపిస్తుంది, ఏమంటున్నారో మాత్రం అందదు. శబ్దం పెంచినప్పుడు హల్లులతో పాటు అచ్చులూ, నేపథ్య సంగీతమూ, గది మోతా అన్నీ కలిసి పెరుగుతాయి కాబట్టి ఆయనకు పెద్దగా మేలు కలగదు, మీకు మాత్రం తలనొప్పి వస్తుంది. దీనికి తోడు నేటి పలుచటి టీవీల స్పీకర్లు చాలావాటిలో కిందికో వెనుకకో తిరిగి ఉంటాయి. మాట ముందు గోడకో బల్లకో తగిలి, ఆ తరువాత మనిషిని చేరుతుంది. సన్నటి ధ్వనులు పలికే ట్వీటర్ నేరుగా చెవికి ఎదురుగా ఉండే స్పీకర్లు పెట్టిన రోజునే ఆయనకు తేడా తెలుస్తుంది. ఒకసారి చెవి పరీక్ష చేయించడం కూడా మంచిది. ఇది స్పీకర్లకు బదులుగా చెప్పడం లేదు, వాటితో పాటు చేయించమంటున్నాను.

ఇక సోఫా. 16 అడుగుల నుంచి 12 అడుగులకు జరిపితే స్పీకర్ల నుంచి నేరుగా చేరే ధ్వని దాదాపు 2.5 డెసిబెల్లు పెరుగుతుంది. ఆంప్లిఫయర్ శక్తిని రెట్టింపు చేస్తే వచ్చేది 3 డెసిబెల్లే. అంటే ఇద్దరు మనుషులు పది నిమిషాలు కష్టపడితే జరిగే పనికి దుకాణంలో కొన్ని వేలు పెట్టవలసి వస్తుంది. పైగా మోత గది అంతటా దాదాపు సమానంగా పరచుకుని ఉంటుంది, నేరుగా వచ్చే ధ్వని మాత్రమే దూరంతో తగ్గుతుంది. కనుక దగ్గరగా జరిగితే శబ్దం పెరగడం కంటే మాట స్పష్టం కావడమే పెద్ద లాభం. సోఫా వెనుక మిగిలే స్థలంలో దారి వదిలి భోజనాల బల్ల వేసుకోవచ్చు.

స్పీకర్ల శక్తి విషయానికి వస్తే, కొనేవాళ్లు చూసేది వాట్లను, చూడవలసింది సెన్సిటివిటీని. ఒక వాటు ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే స్పీకర్ ఎన్ని డెసిబెల్లు పలుకుతుందో చెప్పే అంకె అది. మధ్యరకం ధర స్పీకర్లలో ఇది సాధారణంగా 84 నుంచి 89 వరకు ఉంటుంది. 86 ఉన్న జతను మీ హాల్లో 12 అడుగుల దూరం నుంచి వింటున్నారనుకుందాం. దూరం వల్ల 11 డెసిబెల్లు పోతాయి. రెండో స్పీకర్ వల్ల 3, గోడల వల్ల మరో 2 తిరిగి వస్తాయి. ఒక్కో స్పీకర్‌కు ఒక్క వాటు ఇస్తేనే సోఫా దగ్గర దాదాపు 80 డెసిబెల్లు ఉంటాయన్నమాట. ఇంట్లో సంగీతం గట్టిగా వినేవాళ్లకు సగటున 75, మృదంగం తనిలో (ఒంటరి వాదనలో) గాని సినిమా పోరాటంలో గాని క్షణకాలం ఎగసే శిఖరాలకు 95 ఉంటే చాలు. 80 నుంచి 95కు చేరడానికి కావలసినవి 32 వాట్లు. అదే సెన్సిటివిటీ 89 ఉన్న జత అయితే 16 వాట్లు, 83 ఉన్న జత అయితే 64 వాట్లు కావాలి. స్పీకర్ మీద 3 డెసిబెల్లు తక్కువ రాసి ఉండడానికి ఇంత విలువ ఉంది.

ఈ లెక్క చూశాక ఆ 1000 వాట్ల సెట్టు సంగతి మీకే అర్థమై ఉంటుంది. మీ హాలుకు కావలసింది ఒక్కో వైపు నిలకడగా ఇవ్వగల 40, 50 వాట్లు. దుకాణంలో ఆ పెట్టెను వెనక్కి తిప్పించి, కరెంటు తీగ బయటికి వచ్చే చోట ఉన్న చిన్న స్టిక్కర్‌ను చదవండి. అక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అన్న వాటి పక్కనే ఆ యంత్రం గోడ నుంచి తీసుకునే కరెంటు వాట్లలో రాసి ఉంటుంది. అది 60, 70 అని ఉంటే, అదే యంత్రం 1000 వాట్లను నిలకడగా ఎక్కడి నుంచి తెస్తుందని మర్యాదగానే అడగవచ్చు. అట్ట పెట్టె మీది పెద్ద అంకె పక్కన పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) అన్న అక్షరాలుంటే ఆ అంకెను లెక్కలోకే తీసుకోకండి. ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే శక్తి) అని ఉన్న అంకె ఒక్కటే పోల్చి చూడడానికి పనికివస్తుంది.

మీ అబ్బాయి కోరిక తప్పని నేను అనడం లేదు. 5.1 పద్ధతి సినిమాలకు గొప్పదే, డబ్బు మాత్రం ఆరు ముక్కలవుతుంది. 50,000 లోపు దొరికే సెట్లలో చుట్టూ పెట్టే ఐదు పెట్టెల్లో మూడంగుళాల స్పీకర్లే ఎక్కువగా ఉంటాయి. అవి 150 హెర్ట్జ్‌కు దిగువన దాదాపు ఏమీ పలకలేవు కాబట్టి, ఆ భాగమంతా మూలన ఉన్న సబ్‌వూఫర్‌కు పోతుంది. మగవారి కంఠం పునాది 100 హెర్ట్జ్ చుట్టుపక్కల మొదలవుతుంది. ఫలితంగా గాయకుడి గొంతులో సగం టీవీ దగ్గర, సగం సోఫా వెనుక మూలలో వినిపిస్తుంది. మృదంగం తొప్పి (ఎడమ ముఖం) ఒక చోట, వలంతల (కుడి ముఖం) ఒక చోట మోగుతాయి. కచేరీలు వినే చెవికి ఇది భరించరాని విషయం. పైగా మీ మామగారు వినే 1950లు, 60ల నాటి సినిమా పాటలు మోనోలో, అంటే ఒకే ధ్వని ధారగా రికార్డు చేసినవి. వాటిలో వెనుక స్పీకర్లు పలకడానికి ఏమీ లేదు, యంత్రం ఏదో కల్పించి పంపవలసిందే. రెండు స్పీకర్ల మధ్య సరిగ్గా కూర్చుని వింటే ఆ మోనో గొంతు టీవీ ఉన్న చోటునే నిలబడి పాడినట్టు ఉంటుంది.

మీ తమ్ముడి సలహా పడకగదికి బాగానే నప్పుతుంది. సౌండ్‌బార్‌లో మాటలకు ప్రత్యేకంగా మధ్య స్పీకర్ ఉంటే టీవీ కంటే సంభాషణలు ఎంతో మెరుగవుతాయన్నదీ నిజమే. కానీ మీటరు పొడవున్న పట్టీ 12 అడుగుల దూరం నుంచి చూస్తే 16 డిగ్రీల కోణంలో ఇమిడిపోతుంది. తొమ్మిది అడుగుల ఎడంతో పెట్టిన రెండు స్పీకర్లు 41 డిగ్రీలు పరచుకుంటాయి. వయొలిన్ ఎడమన, మృదంగం కుడిన కూర్చున్నట్టు వినిపించాలంటే ఆ ఎడం ఉండాలి. పట్టీలోని రెండంగుళాల, మూడంగుళాల స్పీకర్లకు 118 ఘనపు మీటర్ల గాలి చాలా ఎక్కువ కూడా.

స్పీకర్లలో వూఫర్ పరిమాణం దగ్గర రాజీ పడకండి. నాలుగంగుళాల వూఫర్ కంటే ఆరున్నర అంగుళాల దాని వైశాల్యం రెండున్నర రెట్లకు పైగా ఉంటుంది, పెద్ద గదిలో ఆ తేడా మొదటి పాటలోనే బయటపడుతుంది. ఇలాంటి పొట్టి స్పీకర్లకు ఉండే బుక్‌షెల్ఫ్ అన్న పేరు చూసి వాటిని అలమరలో దూర్చవద్దు. బయట, తెరిపిగా ఉంచిన స్టాండ్ల మీదే అవి బాగా పలుకుతాయి. స్టాండ్లు కొనడానికి వేలు పెట్టనక్కర లేదు. మీ వీధిలోని వడ్రంగి చేత రెండడుగుల ఎత్తున బరువైనవి చేయించుకోండి, సోఫాలో కూర్చున్నప్పుడు ట్వీటర్ చెవి ఎత్తుకు రావడం ముఖ్యం. గోడకు దగ్గరగా పెట్టక తప్పదనుకుంటే గాలి రంధ్రం ముందు వైపు ఉన్నవి చూడండి. వెనుక రంధ్రం ఉన్నవాటికి గోడ నుంచి కనీసం అడుగు ఎడం వదలాలి, లేకపోతే కింది స్థాయి ధ్వని బుసబుసమంటూ ఉబ్బుతుంది. ఎలాక్ డెబ్యూ 2.0 శ్రేణిలోని బీ6.2కు ఆరున్నర అంగుళాల వూఫర్, ముందు వైపు రంధ్రం, 87 డెసిబెల్ల సెన్సిటివిటీ ఉన్నాయి. వార్ఫ్‌డేల్ డైమండ్, డాలీ స్పెక్టర్, పోక్ శ్రేణులలో కూడా ఇదే తరహావి దొరుకుతాయి. వీటిలో ఏది తగ్గింపు ధరకు వస్తే దాన్ని తీసుకోవచ్చు. ఈ స్థాయిలో పేరుకంటే ధర ముఖ్యమని నేను అనుకుంటాను. నిలువు టవర్ స్పీకర్లు మీ బడ్జెట్‌లో కొత్తవి దొరికినా, అదే ధరలోని పొట్టి జత కంటే వాటి లోపలి సరుకు తరచు నాసిరకంగా ఉంటుంది.

ఆంప్లిఫయర్ కొనేటప్పుడు మోసపోయే చోటు ఒకటుంది. ఇప్పుడు అరచేతిలో ఇమిడే ఆంప్లిఫయర్లు తక్కువ ధరకు వస్తున్నాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. కానీ వాటి శక్తిని అట్ట పెట్టె మీద కాదు, వెంట వచ్చే అడాప్టర్ మీద చూడాలి. 19 వోల్టుల అడాప్టర్‌తో నడిచేది 8 ఓమ్‌ల స్పీకర్‌కు సిద్ధాంతరీత్యా కూడా 22 వాట్లకు మించి ఇవ్వలేదు, పైన 100 అని అచ్చు వేసినా సరే. 32 వోల్టుల అడాప్టర్ అయితే 64 వాట్ల వరకు వెళ్లగలదు, మీ అవసరానికి అదే సరి. బీ6.2 వంటివి 6 ఓమ్‌లవి కనుక ఆంప్లిఫయర్ 4 ఓమ్‌ల వరకు భరిస్తుందని రాసి ఉందేమో చూడండి. మరో షరతు మీ మామగారి కోసం పెడుతున్నాను. టీవీ ధ్వనిని ఒకే తీగతో ఆంప్లిఫయర్‌కు అందించే హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ సౌకర్యం ఉన్నదే తీసుకోండి. అది ఉంటే టీవీ రిమోట్‌తోనే శబ్దం పెరుగుతుంది, తగ్గుతుంది, టీవీతో పాటే ఆంప్లిఫయర్ కూడా ఆగిపోతుంది. రెండు రిమోట్ల వ్యవహారం పెట్టారంటే పది రోజుల్లో ఆయన మళ్లీ టీవీ స్పీకర్ల దగ్గరికే వెళ్లిపోతారు.

తీగ గురించి ఎక్కువ ఆలోచించకండి. రిచ్చీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారులో మీటరుకు వందలు చెప్పే స్పీకర్ తీగలను దాటి, కరెంటు సామాను దుకాణంలో 1.5 చదరపు మిల్లీమీటర్ల మెత్తటి రాగి తీగ రెండు పోగులది తీసుకోండి. పది మీటర్లు లాగినా రానుపోను దాని నిరోధం పావు ఓమ్‌కు మించదు, 6 ఓమ్‌ల స్పీకర్ ముందు అది లెక్కలోకి రాదు. కొనే ముందు కొస గీకి చూడండి. పైన రాగి రంగు, లోపల వెండి రంగు కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, దాన్ని వదిలేయండి.

మీరు సముద్రానికి దగ్గరలో ఉన్నందువల్ల మరో రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఉప్పుగాలికి తీగ కొసలు నల్లబడి పచ్చబడతాయి కాబట్టి, ఆరు నెలలకోసారి వాటిని ఊడదీసి, నల్లబడిన మేర కత్తిరించి, కొత్తగా గీకి బిగించండి. స్పీకర్ కోను చుట్టూ ఉండే మెత్తటి అంచు రబ్బరుదై ఉండాలి. స్పాంజిదైతే తేమకు పది పదిహేనేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. పాత స్పీకర్లు ఎవరైనా అమ్ముతామంటే ఆ అంచును వేలితో మెల్లగా నొక్కి చూడండి. వేలికి పొడి అంటినా, గుంట పడి తిరిగి లేవకపోయినా బేరం వద్దు. తరువాత కోనును నాలుగు వేళ్లతో అన్ని వైపులా సమంగా లోపలికి నెట్టండి, గరగరమని రాసుకునే చప్పుడు వస్తే లోపలి చుట్ట చెడిందని గుర్తు. ఈ పరీక్షలు నెగ్గిన పాత జత దొరికితే మీ డబ్బుకు కొత్తదానికంటే ఒక మెట్టు పైది వస్తుంది, దాన్ని కాదనకండి.

దుకాణానికి మీ మామగారిని తప్పక తీసుకువెళ్లండి. ఇష్టంగా కర్ణాటక సంగీతం వినే మనిషికి వయొలిన్ ఎలా ఉండాలో, తంబూర ఎలా ఉండాలో అమ్మేవాడికంటే బాగా తెలుస్తుంది. పై స్థాయి ధ్వనులు ఆయన చెవికి తగ్గినా, గొంతు సహజంగా ఉందా, డబ్బాలోంచి వస్తున్నట్టు ఉందా అన్నది చక్కగా పట్టుకుంటారు. మీకు బాగా తెలిసిన పాటలు మూడో నాలుగో ఫోనులో పెట్టుకుని వెళ్లి, రెండు జతలనూ ఒకే శబ్దానికి సరిచేయించి వినండి. ఏది రవ్వంత గట్టిగా పలికితే అదే బాగుందని మన చెవి అనుకుంటుంది, అమ్మేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. వీలైతే మామగారిని కళ్లు మూసుకుని వినమనండి. కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో ఫ్లాయిడ్ టూల్ 1980లలో స్పీకర్లను తెర వెనుక ఉంచి జనం చేత వినిపించినప్పుడు, ఏ స్థాయినీ ఉబ్బించకుండా, తగ్గించకుండా సమంగా పలికేవాటినే ఎక్కువమంది ఎంచుకున్నారు. పేరూ ధరా కనిపించినప్పుడు తీర్పులు పక్కకు జరుగుతాయి. పాట నడుస్తుండగా మీరు నాలుగడుగులు పక్కకు నడిచి చూడండి. గొంతు ఒక్కసారిగా మసకబారితే ఆ జత మీ వెడల్పాటి హాలుకు తగదు, ఎందుకంటే ఇంట్లో అందరూ మధ్యలోనే కూర్చోరు. దుకాణంలోని గది చిన్నది, తివాచీ పరిచింది అన్నది కూడా గుర్తుంచుకుని, నచ్చకపోతే తిరిగి ఇచ్చే గడువు ఎంతో బిల్లు మీద రాయించుకోండి.

ఇంటికి తెచ్చాక టీవీకి అటూ ఇటూ తొమ్మిది అడుగుల ఎడంతో, సోఫా వైపు కొద్దిగా తిప్పి పెట్టండి, మూలలకు తోయకండి. రెండింటికీ ఎర్ర కొస ఎరుపుకు, నల్ల కొస నలుపుకు బిగించారో లేదో చూసుకోండి. ఒక దానికి తలకిందులైతే ఒకటి గాలిని తోస్తుంటే మరొకటి లాగుతుంది, మృదంగం బలమంతా పోయి గొంతు గదిలో ఎక్కడా నిలవదు. కొత్త స్పీకర్లు బాగా లేవనే ఫిర్యాదుల్లో కొన్నింటికి కారణం ఇంత చిన్నదే. టీవీ ధ్వని అమరికల్లో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ అన్న దాన్ని పీసీఎంకు మార్చండి. అలా చేయకపోతే కొన్ని ఛానెళ్లకు, ఓటీటీలకు అసలు శబ్దమే రాకపోవచ్చు. మామగారు ఒక్కరే వినేటప్పుడు ట్రెబుల్ (పై స్థాయి) 3 మెట్లు పెంచి, బాస్ (కింది స్థాయి) 2 మెట్లు తగ్గించుకుంటే మొత్తం శబ్దం పెంచనవసరం ఉండదు. పంకాలు పూర్తి వేగంతో తిరుగుతుంటే ఏ స్పీకరైనా వాటితో పోటీ పడవలసిందేనని వేరే చెప్పనక్కర లేదు.

డబ్బు పంపకం నేనైతే ఇలా చేస్తాను: స్పీకర్లకు 26,000, ఆంప్లిఫయర్‌కు 10,000, కర్టెన్లకూ తివాచీకీ కలిపి 10,000, స్టాండ్లకూ తీగకూ 4,000. ముందుగా సోఫా జరిపి, కర్టెన్లు, తివాచీ వేసి, పాత టీవీ స్పీకర్లతోనే కొన్ని రోజులు వినండి. మామగారు రిమోట్ మీద పెట్టే అంకె ఎంత దిగిందో చూశాకే దుకాణానికి బయలుదేరండి.

ఇక మీ అబ్బాయి. సినిమాల్లో గుండెకు తగిలే దడ కావాలంటే ఏడాది తరువాత ఒక సబ్‌వూఫర్ చేర్చుకోవచ్చు, దానికి కావలసిన సబ్ అవుట్ రంధ్రం ఆంప్లిఫయర్‌కు ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. 80 హెర్ట్జ్‌కు దిగువన ఉన్నదాన్ని మాత్రమే దానికి వదిలితే గొంతులు చీలవు. మీ హాలు పొడవుకు 22 హెర్ట్జ్ దగ్గర, వెడల్పుకు 35 హెర్ట్జ్ దగ్గర గది తనంతట తాను మోగుతుంది, అందువల్ల సబ్‌వూఫర్‌ను ఎక్కడ పెట్టారన్నది ఎంత ఖరీదుదన్నదానికంటే ముఖ్యమవుతుంది. దాన్ని తాత్కాలికంగా సోఫా మీద, మీరు కూర్చునే చోట పెట్టి మోగిస్తూ, అబ్బాయిని గోడల వెంట వంగి నడవమనండి. దడ సమంగా వినిపించిన చోటే దాని స్థానం. అయితే కింది అంతస్తు వాళ్లకు స్లాబు గుండా చేరేది సరిగ్గా ఈ దడే, దాన్ని కర్టెన్లూ తివాచీలూ ఆపలేవు. కింద మందపాటి రబ్బరు షీటు వేస్తే కొంత తగ్గుతుంది. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్లు, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45. రాత్రి పది కాగానే సబ్‌వూఫర్ స్విచ్ ఆపే పని తనదేనని అబ్బాయి ఒప్పుకున్న తరువాతే దాన్ని కొనండి.